ఊపిరి సాలలో పదిహేను సెంటీమీటర్లు

1వ రోజు

పొద్దున్నే ఊపిరి సాలలో వరసకొకటిగా ఉన్న నాలుగు గాజు జాడీలూ కడిగి నీళ్లు నింపాను. మనిషికి రోజుకు మూడు లీటర్ల నీళ్లిచ్చే కోటలో ఒక్కో జాడీ పదిహేను లీటర్లు మింగుతుంది. నింపేటప్పుడు మొదటి వరసలో కూర్చున్నవాళ్లు నా చేతులకేసే చూస్తారు. పదకొండేళ్లుగా చూస్తున్నారు. అయినా నాకు అలవాటు కాలేదు.

ఈ రోజు ఎనిమిది మంది ఆరోగ్యవంతుల మీద కొత్త పరీక్ష మొదలైంది. తవ్వకం సాగే తెల్ల బీడు తొక్కనివాళ్లు, తెల్లమన్ను ఒక్క చిటికె కూడా పీల్చనివాళ్లు కావాలని డాక్టర్ వైజయంతి అడిగింది. పరీక్షకు కూర్చున్నవాళ్లను రెండేళ్లపాటు బీడుకు పంపరని కూడా చెప్పింది. ఆ మాట వినగానే నేను రాసిన మొదటి పేరు మద్దిలేటి. నా తమ్ముడు. ఇరవై రెండేళ్లు, వంటసాలలో సంగటి గెలుకుతాడు.

"ఏమక్కా, ఈడ పండుకుంటే సాలునా? నిద్ర పట్టినా పర్వాల్యా?" అన్నాడు కెమెరా కింద కాళ్లు చాపుకుంటూ.

"నిద్రపో. కదలగూడదు, అంతే."

"సంగటి గెలికేదానికంటే ఇదే మేలబ్బా."

గుర్తుమందు కలిపిన ఆవిరి పీల్పించాను. ఛాతీలో చేరిన మందు కెమెరాలో తెల్లగా కనిపిస్తుంది. అందులో సగం మాయం కావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో అదే మనిషి అంకె. తవ్వేవాళ్లకు పెట్టే ఒత్తిడి గాలి లేకుండా మద్దిలేటి అంకె డెబ్బై నాలుగు వచ్చింది. నేను కెమెరా చెడిపోయిందనుకున్నాను. బీడులో తవ్వేవాళ్లకు నెలకోసారి చేసే పరీక్షలో అరవై దాటితే ఊపిరి మన్నుతో నిండిపోయిందని అర్థం. వాళ్లకు మూడు రోజుల నీళ్లిచ్చి గేటు బయట వదిలేస్తారు. నా తమ్ముడు ఏనాడూ మన్ను పీల్చలేదు.

మిగతా ఏడుగురికీ డెబ్బైకి అటూ ఇటే వచ్చింది.

"మొదటి రోజు కదా, భయపడి పైపైన పీలుస్తారు. రాసెయ్," అంది డాక్టర్. రాశాను.

8వ రోజు

నాలుగో రోజున పది సెంటీమీటర్ల ఒత్తిడిలో చూశాం. ఈ రోజు పదిహేనులో. పద్ధతి తేలికే. మాస్కులోంచి వదిలే గాలి ఒక నల్ల గొట్టం గుండా వచ్చి జాడీ నీళ్లలోంచి బుడగలుగా బయటికి పోవాలి. గొట్టాన్ని నీళ్లలో ఎంత లోతుకు దించితే ఊపిరితిత్తుల్లో అంత ఒత్తిడి నిలుస్తుంది.

మద్దిలేటికి పది దగ్గర నలభై ఒకటి వచ్చింది, పదిహేను దగ్గర ఇరవై మూడు. అందరికీ అలాగే తగ్గింది. డాక్టర్ నా భుజం తట్టింది. ఊపిరిలోని మన్ను పోవడానికని తవ్వకందార్లు షిఫ్టు దిగాక ఊపిరి సాలలో ఇప్పుడు గంట కూర్చుంటున్నారు. పదిహేను ఒత్తిడిలో అరగంట చాలట. మిగిలిన అరగంట బీడులో పని చేయించవచ్చని కోట పెద్దలు లెక్క కట్టారు.

"మాస్కు తీసినాక సెంపలు తిమ్మిరి పట్టినాయక్కా," అన్నాడు మద్దిలేటి. వాడి ముక్కు మీద ఎర్రటి గాడి పడింది. బీడులో ఏళ్ల తరబడి చేసినవాళ్లకు ఆ గాడి చెరగదు. వాడి ముఖాన దాన్ని చూడగానే తడిగుడ్డ తెచ్చి రుద్దాను.

"గమ్మునుండక్కా, అదే పోతుంది," అని నవ్వాడు.

9వ రోజు

ఒత్తిడి తీసేసి మళ్లీ చూశాం. మద్దిలేటికి డెబ్బై మూడు. మిగతావాళ్లూ మొదటికే వచ్చారు.

ఇక్కడే నాకు ముడి పడింది. వీళ్ల ఊపిరిలో శుభ్రం చెయ్యడానికి మన్నే లేదు. మరి ఒత్తిడి పెట్టిన రోజుల్లో మందు అంత తొందరగా ఎక్కడికి పోయింది?

పక్క గదిలో ఉండే ఇమాంబీ సాయంత్రం రోట్లో నూరిన ఊరుబిండి తెచ్చింది. ఆరు నెలలుగా బీడులో, నాలుగో వరసలో కూర్చుంటుంది. మనిషి గట్టిది. రెండు మన్ను బస్తాలు ఒకేసారి ఎత్తుతుంది. "కొత్త గాలి ఎప్పుడొస్తాదక్కా? పోయిన నెల నాకు ముప్పై ఎనిమిది వచ్చింది. రెండు నిమిషాలు పెరిగితే మల్లా పరీక్ష అంటారు. నిద్ర పట్టల్యా నాకు," అంది.

తొందర్లోనే వస్తుందని చెప్పాను.

12వ రోజు

ఎనిమిది మందిలో చెన్నమ్మ అనే నేతపని ఆమె ఉంది. ఆరడుగుల మనిషి. ఈ రోజు పదిహేను ఒత్తిడిలో ఆమెకు మళ్లీ కొలత. బల్ల మీద సరిగా పట్టక పైకి జరిగి పడుకుంది. నేను కెమెరా సర్దడం మరిచాను. ఛాతీతో పాటు నడుము కూడా బొమ్మలోకి వచ్చింది.

ఛాతీ నిమిషం నిమిషానికీ నల్లబడుతోంది. నడుముకు రెండు వైపులా చిక్కుడు గింజల్లాంటి రెండు మచ్చలు తెల్లగా వెలుగుతున్నాయి. మూత్రపిండాలు. ఇరవై నిమిషాలకు ఛాతీలో దాదాపు ఏమీ లేదు. ఉన్నదంతా కిందికి దిగింది.

మందు బయటికి పోలేదు. లోపలికి పోయింది.

గుర్తొచ్చాడు తవ్వకందారు ఓబులేసు. కోట మొత్తంలో శుభ్రమైన ఊపిరి అతనిదేనని పోయినేడు సభ పెట్టి దండ వేశారు. అతని అంకె పంతొమ్మిది. ఆ రోజు చెప్పుల్లో పట్టనంతగా పాదాలు ఉబ్బి ఉన్నాయి. రెండు నెలలకు పోయాడు. ఉప్పు ఎక్కువ తినేవాడని చెప్పుకున్నారు.

13వ రోజు

చెన్నమ్మ బొమ్మ తీసుకుని డాక్టర్ గదికి వెళ్లాను.

"మందు బయటికి పోవట్లేదు మేడం. రక్తంలోకి పోతోంది."

ఆమె బొమ్మను వెలుగుకు పట్టి చూడను కూడా చూడలేదు. "కూర్చో చౌడేశ్వరీ," అంది.

"మీకు తెలుసా?"

"నాలుగేళ్లుగా."

ఆ తరువాత చిన్న పిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పింది. "ఊపిరితిత్తుల లోపలి పొర బిగువుగా నేసిన బట్ట. ఉబ్బిస్తే నేత సాగి సందులు పడతాయి. నీళ్లలో కరిగేదేదైనా వాటిలోంచి రక్తంలోకి జారిపోతుంది. ఒత్తిడి తీసేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. ఆరోగ్యవంతులకు దానివల్ల నష్టం లేదు. నీ తమ్ముడికి ఏమీ కాదు."

"బీడు నుంచి వచ్చినవాళ్లకు?"

"తెల్లమన్ను కూడా నీళ్లలో కరిగేదే."

ఆమె ఫ్లాస్కులోంచి బెల్లం టీ పోసి నా ముందు పెట్టింది.

"ఒత్తిడి గాలి లేని రోజుల్లో రెండేళ్లకే దగ్గు మొదలయ్యేది. ఒకడు రక్తం దగ్గుతుంటే పక్కవాడు పార పట్టుకోడు. మూత్రపిండాలు చెడిపోవడానికి ఐదారేళ్లు పడుతుంది. అవి శబ్దం చెయ్యవు."

"మరి అరవై దాటినవాళ్లను గేటు బయటికి తోస్తున్నామే. వాళ్లకు పొర గట్టిగా ఉన్నట్టు. వాళ్లే కదా బాగున్నవాళ్లు?"

"ఆ నిబంధన పెట్టినప్పుడు నిజంగానే నమ్మాం, మన్ను నిండితే అంకె పెరుగుతుందని. ఇప్పుడు తీసెయ్యాలంటే ఎందుకు తీస్తున్నామో చెప్పాలి. చెబితే రేపు బీడుకు ఎవరు పోతారు?"

టీ తాగమంది. తాగాను.

20వ రోజు

రెండు ఉత్తర్వులు వచ్చాయి. రేపటి నుంచి అన్ని వరసలకూ పదిహేను సెంటీమీటర్లు. కెమెరాకు కింది వైపు సీసపు పలక బిగించాలి, నడుము కనిపించకుండా.

ఉత్తర్వుల కింద పేర్ల పట్టీ ఉంది. పరీక్షకు కూర్చున్న ఎనిమిది మందినీ బీడుకు కేటాయించారు. మద్దిలేటిది నాలుగో వరస.

డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. "రెండేళ్లు పంపబోమన్నారు కదా మేడం!"

"అన్నాను. అప్పుడు మనుషులు సరిపోయారు," అని తలుపు వేసుకుంది.

21వ రోజు

నాలుగో వరస గొట్టాన్ని కడగాలని విప్పాను. వెనక వైపు, నీటిమట్టానికి ఐదు సెంటీమీటర్ల కింద, కాల్చిన చువ్వతో చిటికెన వేలు దూరేంత రంధ్రం చేశాను. ముందు నుంచి చూస్తే గొట్టం పదిహేను దాకా మునిగే ఉంటుంది. గాలి మాత్రం ఐదు దగ్గరే తప్పించుకుంటుంది. జాడీ గాజు పాతబడి పచ్చగా ఉంది కాబట్టి బుడగలు ఎక్కడి నుంచి లేస్తున్నాయో ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు ఆ నలభై మందికీ పొర అంతగా సాగదు. మన్ను ఊపిరిలోనే నిలుస్తుంది. కొంత దగ్గుతో, కఫంతో అదే పైకి వస్తుంది. అంకెలు పెరుగుతాయని నాకు తెలుసు. నెల పరీక్ష కూడా వరస గొట్టంతోనే చేస్తాం కాబట్టి ఆ రోజుల్లో రంధ్రాన్ని మైనంతో మూసేస్తే పదిహేను పదిహేనుగానే పనిచేస్తుంది. అందరూ గట్టెక్కుతారు. అంతా ఆలోచించే చేశాను.

మద్దిలేటి మొదటి షిఫ్టు నుంచి తలా భుజాలూ తెల్లగా వచ్చాడు. పిండిమర నుంచి వచ్చినవాడిలా ఉన్నాడు. వరసలో ఇమాంబీ పక్కన కూర్చున్నాడు. "మీ అబ్బోడికి పార పట్టేది నేర్పిస్తాండా చౌడక్కా," అంది ఆమె, మాస్కు ఎత్తి.

46వ రోజు

నెల పరీక్షను వారం ముందుకు జరిపారు. పొద్దున నేను వెళ్లేసరికి డాక్టర్ కెమెరా పక్కనే కుర్చీ వేసుకుని ఉంది. కొత్త ఒత్తిడి ఫలితాలు కోట పెద్దలకు స్వయంగా చూపాలట. మైనం నా కొంగు ముడిలోనే ఉండిపోయింది. పరీక్ష ముగిసేదాకా జాడీల దగ్గర పెద్దల కాపలా ఉంటుంది, అక్కడికి వెళ్లే వీలు లేదు.

నాలుగో వరస పరీక్ష నాలుగు రోజులు సాగుతుంది. మొదటి రోజు పది మందిలో ఎనిమిది మంది నలభైలోపే వచ్చారు. ఏళ్ల తరబడి బీడులో ఉన్నవాళ్లు. వాళ్ల పొర ముందే చిల్లులు పడింది, ఐదైనా పదిహేనైనా ఒకటే. అరవై దాటినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ ఏడాదిలోపు వచ్చినవాళ్లు.

అంటే ఇంకా చెడనివాళ్లు.

49వ రోజు

నాలుగు రోజుల్లోనూ డాక్టర్ కెమెరా గది విడిచింది ఒక్కసారే. మూడో రోజున పెద్దలు భోజనానికి పిలిస్తే గంటన్నర పాటు వెళ్లింది. ఆ గంటన్నరలో పరీక్ష జరిగింది నా తమ్ముడికి.

జరిగింది అనడం అబద్ధం. ఆ సమయానికి వాడిని నేనే పిలిచాను. గంటన్నరలో పట్టేది ఒక్కరే. వాడి అంకె అరవై ఆరు. పుస్తకంలో ఇరవై నాలుగు అని రాశాను.

ఇమాంబీని ఈ రోజు డాక్టర్ ముందే పడుకోబెట్టాను. నిమిషాలు లెక్కపెడుతూ ఆమె పెదాలు కదుపుతూనే ఉంది. నలభై దాటాక కళ్లు మూసుకుంది. అరవై మూడు.

పుస్తకంలో అరవై దాటినవాళ్లు మొత్తం ఆరుగురు.

50వ రోజు

గేటు దగ్గర సాక్షి సంతకం కొలతల మనిషిదే. పొద్దున ఏడింటికి వెళ్లాను. ఆరుగురికీ తొమ్మిదేసి లీటర్ల నీళ్ల డబ్బాలు ఇచ్చారు. ఇమాంబీ నా చెయ్యి పట్టుకుంది.

"చౌడక్కా, నా ఊపిరి బాగనే ఉండాది. పరిగెత్తినా ఆయాసం రాదే నాకు. ఇంగొగసారి చూడమని డాక్టరమ్మకు చెప్పవా? రొంత చెప్పక్కా."

"మిషను తప్పు చెప్పదు ఇమాంబీ," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆమె నమ్మింది. తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూసుకుంది, లోపల నిజంగానే మన్ను ఉందేమోనన్నట్టు. తరువాత డబ్బా ఎత్తుకుని మిగతా ఐదుగురి వెంట నడిచింది.

51వ రోజు

మధ్యాహ్నం మద్దిలేటి నా గదికి వచ్చి తలుపు మూశాడు.

"నాలుగో వరసలో గాలి మెత్తగుండాదక్కా. పరీక్షలప్పుడు పదైదు పెడితే నోరు తెరుస్తూనే సెంపలు ఉబ్బేవి. ఈడ ఏమీ ల్యా. శానామంది కదా, అందుకేమో అనుకున్నా. ఇయ్యాల జాడీ ఎనక చూసినా."

చెప్పాను. మొత్తం చెప్పాను. మందు ఎక్కడికి పోతోందో, ఓబులేసు ఎందుకు పోయాడో, రంధ్రం ఎందుకు చేశానో. వాడు గోడకు ఆనుకుని విన్నాడు.

"నా అంకె ఎంత?"

"ఇరవై నాలుగు."

"నువ్వు రాసింది కాదు. వచ్చింది."

"అరవై ఆరు."

"ఇమాంబక్కది?"

"అరవై మూడు."

"నాకంటే మూడు తక్కువ," అన్నాడు. "ఆయమ్మ నాకు పార పట్టేది నేర్పిందక్కా."

"నిన్ను కాపాడుకోవాలనే చేశానురా."

"పోతా. డాక్టరమ్మ తావ చెప్తా. గొట్టంది తప్పు, వాళ్లది కాదని చెప్తే ఎనిక్కి పిలుస్తారు. ఇంకా రెండు దినాల నీల్లుండాయి వాళ్ల తావ."

చొక్కా పట్టుకున్నాను. కాళ్లు పట్టుకున్నాను. వాడు నన్ను మెల్లగా విడిపించుకుని వెళ్లాడు. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే బాగుండేది.

52వ రోజు

డాక్టర్ పిలిపించింది. మద్దిలేటి ఆమె బల్ల ముందు నిలబడి ఉన్నాడు. రంధ్రం ఉన్న గొట్టం బల్ల మీద ఉంది.

"వాళ్లను పిలిపించండి మేడం, నీల్లు అయిపోతాయి," అంటున్నాడు వాడు. చాలాసేపటి నుంచి అదే అంటున్నట్టుంది, గొంతు బొంగురు పోయింది.

"గేటు బయటికి పంపినవాళ్లను వెనక్కి పిలిస్తే ఎందుకని అడుగుతారు బాబూ," అంది డాక్టర్. కోపం లేదు ఆమె మాటలో. పుస్తకం తెరిచి నా వైపు తిప్పింది. "నువ్వు ఒక అంకె తప్పు రాశావు. దిద్దు."

"నన్ను పంపండి. తప్పు చేసింది నేను," అన్నాను.

"నీలా ఆ కెమెరా నడిపేవాళ్లు కోటలో ఇంకొకరు లేరు. దిద్దు చౌడేశ్వరీ. లేదంటే నాలుగో వరస అందరికీ రేపు ఒత్తిడి లేకుండా మళ్లీ పరీక్ష పెట్టాల్సి వస్తుంది. ఇంకెంతమంది అరవై దాటుతారో."

మద్దిలేటి నా చేతి వైపే చూస్తున్నాడు. ఇరవై నాలుగు కొట్టేసి అరవై ఆరు రాశాను. పక్కన సంతకం పెట్టాను.

గంటలోపే వాడిని గేటు దగ్గరికి తెచ్చారు. నీళ్ల డబ్బా ఇచ్చారు. నేను దగ్గరికి పోతే వాడు వెనక్కి జరగలేదు, ముందుకూ రాలేదు.

"నన్ను కాపాడినావు, సరే. ఆయమ్మను ఒగ మాటన్నా అడిగినావా అక్కా?"

వాడు వంగి నేల చూశాడు. గాలి లేదు, తెల్లమన్ను మీద ఆరుగురి అడుగులూ అచ్చుపోసినట్టు ఉన్నాయి. డబ్బాను తలమీదికి ఎత్తుకుని ఆ అడుగుల వెంట పరుగు అందుకున్నాడు. వాళ్ల నీళ్లు అయిపోకముందే చేరాలని. గేటు కన్నంలోంచి చూస్తూ నిలబడ్డాను. తలమీద తొమ్మిది లీటర్ల బరువుతో, ఒక్కసారి కూడా ఆగకుండా, కనిపించినంత దూరం పరుగెడుతూనే ఉన్నాడు. ఎంత మంచి ఊపిరి వాడిది.

53వ రోజు

కొత్త గొట్టం వచ్చింది. నాలుగో వరసలో ముప్పై మూడు మంది మిగిలారు. డాక్టర్ నాతో పాటే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"వీళ్లకు నిజం చెప్పాలని ఉంది కదూ? ఏడుగురు గేటు దాటడం చూసినవాళ్లు వీళ్లు. చెప్పు. ఏమంటారో నువ్వే విను," అంది.

బల్ల ఎక్కి చెప్పాను. ఈ గాలి మన్నును కడగదు, రక్తంలోకి తోస్తుంది, ఐదారేళ్లకు మూత్రపిండాలు పోతాయి, ఇన్నాళ్లూ గేటు దాటినవాళ్లే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అని. ఏదీ దాచలేదు. నా రంధ్రం సంగతి, నా తమ్ముడి అంకె సంగతి కూడా చెప్పాను.

ఎవరూ కేక వెయ్యలేదు. డాక్టర్ మీదికి పోలేదు. గంగన్న లేచాడు. నాలుగేళ్ల నుంచి ఆ వరసలో ఉన్న పెద్దాయన, మడమలు అప్పుడే ఉబ్బడం మొదలైంది.

"మెత్తటి గాలి పెట్టి ఆరుగురిని గేటు దాటించింది నువ్వేనా?"

"నేనే."

"ఈ గాలి పీలిస్తే ఐదేండ్లు, అంతేనా?"

"ఐదు, ఆరు."

"గేటు బయట?"

"మూడు దినాలు," అన్నాడు ఆయనే. "నాకు లెక్కలు రావు గానీ చౌడక్కా, ఐదేండ్లు పెద్దదా, మూడు దినాలు పెద్దదా? మా మింద దయ చూపొద్దు. గొట్టం దించు తల్లీ."

"దించక్కా. బిన్నె దించు," అని తొందరపెట్టింది వెనక నుంచి ఒకామె. తరువాత ఇంకొకరు. తరువాత అందరూ.

డాక్టర్ చేతులు కట్టుకుని చూస్తోంది.

గొట్టాన్ని పదిహేను దాకా దించాను. ముప్పై మూడు జతల చెంపలు ఒక్కసారిగా ఉబ్బాయి. జాడీ నీళ్లు కుతకుతలాడాయి. ముందు వైపు ఒక కొత్త పిల్ల, బీడుకు వచ్చి మూడు వారాలు కూడా కాలేదని ఈసారి పరీక్షకు పిలవనిది, మాస్కు లోంచే నాకు రెండు చేతులూ జోడించి మొక్కింది.

గంగన్న మాస్కు ఒక పక్కకు ఎత్తాడు.

"జాడీలో ఇంకా లోతుండాది కదక్కా. ఇంగ రొంత దించు."

దించాను.